ఇతరములు అనే వ్యాయామం

మా ఆయన కుడిచేతికి ఆ నల్లపట్టీ ఎక్కిన రోజున మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

అప్పటికి ఆయన బరువు నూటనాలుగు కిలోలు. షుగరు వచ్చి ఆరేళ్ళయింది. ప్రొద్దుటూరులో మేము చూపించుకునే డాక్టరు కోస్తా నుంచి వచ్చినాయన, మెత్తగా మాట్లాడతాడు. ఆ మెత్తని గొంతుతోనే, "పదిహేను కిలోలు తగ్గకపోతే మీ కాళ్ళకూ కళ్ళకూ నేను హామీ ఇవ్వలేనండీ" అన్నాడు. పట్టీ కట్టుకోమన్నది కూడా ఆయనే. అది నడకనూ, చేతుల కదలికనూ, గుండె కొట్టుకోవడాన్నీ కొలుస్తుంది. ఆ లెక్క ఫోనుకు పోతుంది. ఆ రోజుకు ఎంత తినొచ్చో ఫోను చెబుతుంది. కదలకుండా కూర్చుంటే పదహారు వందల కేలరీలు. ఒళ్ళు కదిలించిన కొద్దీ ఆ అంకె పైకి పోతుంది. కష్టపడినవాడికి కూడు, కూర్చున్నవాడికి కోత. వినడానికి ఇంతకంటే న్యాయం లేదు.

నేను లెక్కల టీచరును. జమ్మలమడుగు దగ్గర ఒక హైస్కూల్లో పని. ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. లెక్క కనబడితే నాకు ప్రాణం లేచి వస్తుంది. సంగటి ముద్దకు ఎన్ని కేలరీలు, చెనిక్కాయల చట్నీ చెంచాకు ఎన్ని, పప్పు గరిటెకు ఎన్ని అని పట్టిక రాసి ఫ్రిజ్జు తలుపుకు అంటించాను. తూకం మిషను తెచ్చి పొయ్యి పక్కన పెట్టాను. బంగారం తూకం వేసే ఊళ్ళో కాపురం చేస్తూ సంగటి తూకం వేసిన ఇల్లాలిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇరవై రోజులు ఆయన బుద్ధిగా నడిచాడు. ఎర్రగుంట్లలో ఒక ఆఫీసులో ఆయన పద్దుల గుమాస్తా. ముందు స్టాపులోనే బస్సు దిగి, సిమెంటు లారీల దుమ్ములో ఆఫీసుదాకా నడిచేవాడు. అంకె పద్దెనిమిది వందలు చూపిస్తే చిన్నపిల్లవాడిలాగా వంటింట్లోకి వచ్చి ఫోను నా కళ్ళ ముందు పెట్టేవాడు. ఆ తర్వాత ఎండలు ముదిరాయి. నడక మానేశాడు, ఆకలి మానలేదు.

మా ఆయన చెయ్యి చేసుకోవడం పట్టీతో మొదలైన పని కాదు. పెళ్ళైన రెండో ఏడు నుంచీ ఉన్నదే. కూరలో ఉప్పు, బస్సు ఆలస్యం, నా గొంతు, ఏదైనా చాలు. కొడుతున్నప్పుడు నేను దెబ్బలు లెక్కపెడతాను. మొదట్లోనే అలవాటైంది. లెక్క పెడుతుంటే ఏడుపు రాదు, ఆయనకు ఆ ఏడుపు దక్కదు.

ఆ ఎండల్లో ఒకరోజు సాయంత్రం ఏడుకే అన్నానికి కూర్చున్నాడు. ఒక ముద్ద తిన్నాడు, పప్పు తాగినంత పని చేశాడు.

"ఇంకో ముద్ద ఎయ్" అన్నాడు.

"అయిపాయ. పదహారు వందల ఇరవై తింటివి. ఈ పొద్దు నువ్వు నడిచింది యాడ?" అన్నాను. తరగతి గదిలో మాట్లాడే గొంతు అది. నాకు తెలుసు.

కడగని చేత్తోనే కొట్టాడు. నా చెంప మీద సంగటి అంటుకుంది. రెండో దెబ్బకు చెవిలో ఈల మోగింది. జుట్టు పట్టి వంచితే గ్రైండరు అంచుకు నుదురు తగిలింది. కింద పడ్డాక పక్కటెముకల మీద తన్నాడు, అవి చేతివి కావు కాబట్టి వేరే లెక్క. మొత్తం ఇరవై మూడు. అత్త వసారాలో ఒత్తులు చేసుకుంటోంది. మా అమ్మాయి గదిలో తలుపు వేసుకుని చదువుకుంటోంది.

ఆయన వగరుస్తూ కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు మోగింది ఫోను. 'మీరు తొమ్మిది నిమిషాలు చురుగ్గా ఉన్నారు. అభినందనలు. ఏ వ్యాయామం చేశారు?' కింద వరసగా పేర్లు: నడక, పరుగు, సైకిలు, ఈత, బాక్సింగు, నృత్యం, ఇతరములు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆఫీసు ఫైలు చూసినట్టు పైనుంచి కిందికి చదివాడు. ముప్పై ఏళ్ళుగా ఏ పద్దులోనూ ఇమడని వాటినన్నిటినీ ఆ మనిషి ఏం చేస్తాడో ఇక్కడా అదే చేశాడు. ఇతరములు నొక్కాడు. అంకె మారింది. తొంభై ఆరు కేలరీలు పెరిగాయి.

మా అత్తవారింట్లో ఒక రివాజు ఉంది. కొట్టిన రోజున కొట్టించుకున్న మనిషే వడ్డించాలి. అత్త లోపలికి వచ్చి నన్ను లేపింది. తడిగుడ్డతో నా చెంప మీది సంగటి తుడిచింది.

"లెయ్ మే. కొట్టించుకున్న చెయ్యే పెట్టాల. లేకుంటే ఇంట్లో కూడు నిలవదు" అంది.

మామ ఆమె మణికట్టు విరగ్గొట్టిన రోజున కూడా, ఎడమచేత్తో వడ్డించకూడదని ఆ విరిగిన చేత్తోనే వడ్డించిందట. ఆ సంగతి గర్వంగా చెప్పేది. గర్వపడటానికి ఆమె దగ్గర ఇంకేముంది పాపం.

నేను లేచాను. నా తప్పు ఇక్కడ ఉంది. ఆయన ముందు ముద్ద విసిరేసి పోయి ఉంటే సరిపోయేది. నేను మిషను మీద పళ్ళెం పెట్టి, తొంభై ఆరు కేలరీలకు ఎంత సంగటి వస్తుందో పట్టిక చూసి, అంతే తూచి పెట్టాను. అరముద్ద వచ్చింది. నుదుటి నుంచి రక్తం కారుతుంటే ఎడమచేత్తో అదిమి పట్టుకుని అంకె సరిచూశాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ రోకలి నేనే ఎత్తి వేసుకున్నాను.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు ఫోనులో ఇతరములు పడేవి. కూడు కోసమే కొట్టాడని నేను అనను. అంత లెక్క వేసే తెలివి ఆయనకు లేదు. కానీ కొట్టాక అరముద్ద వస్తుందని చేతికి తెలిసిపోయింది. ఇదివరకు కోపం రావడానికి ఏదో ఒక సాకు వెతికేవాడు, ఇప్పుడు ఆ శ్రమ కూడా తగ్గింది. ఒకసారి కంచం ముందు కూర్చుని, వాళ్ళ అమ్మతో నవ్వుతూ అన్నాడు.

"నీ కోడలి పుణ్యాన ఈ పొద్దు అరముద్ద గిట్టుబాటాయ మా."

అత్త నవ్వలేదు. మా అమ్మాయి ఆయన ఎదురుగా కూర్చుని తింటోంది. తొమ్మిదో తరగతి. ఆ ఫోనులో అన్నీ పెట్టి ఇచ్చింది తనే. తలెత్తి నా వైపు చూసింది, నా వాచిన పెదవి చూసింది, మళ్ళీ తలవంచి తినింది. ఏమీ అడగలేదు. అడగకపోవడమే నన్ను కోసింది. ఆ వయసులో నేను మా నాన్నను ప్రతిదానికీ ఎందుకని పీడించేదాన్ని.

మా పుట్టిల్లు పులివెందుల పక్కన. సేద్యం కుటుంబం. నాకు ఒక్కడే తమ్ముడు. వాడికి చెప్పకుండా పదమూడేళ్ళు ఎందుకు దాచానని నన్ను చాలామంది అడిగారు. అడిగినవాళ్ళెవరూ మా తమ్ముణ్ణి చూడలేదు. గట్టు మీద జానెడు నేల కోసం సొంత బాబాయి భుజం గొడ్డలి కామతో విరగ్గొట్టిన మనిషి వాడు. వాడికి చెప్పడమంటే ఫిర్యాదు కాదు, తీర్పు. అక్క కోసం జైలుకు పోయిన తమ్ముడు, తండ్రి లేని కూతురు, ఈ రెండింటినీ నేను మొయ్యలేననుకున్నాను. అందుకే పండగలకు పుట్టింటికి పోయినప్పుడు పొడుగు చేతుల జాకెట్టు వేసుకునేదాన్ని.

పట్టీ కట్టుకున్న ఆరో నెలలో డాక్టరు దగ్గరికి ముగ్గురం పోయాము. ఫోను సంగతి తెలిసింది అమ్మాయికే కాబట్టి తననూ తీసుకుపోయాడు. బరువు రెండు కిలోలే తగ్గింది. డాక్టరు ఫోను తిప్పి తిప్పి చూశాడు. ముఖం విప్పారింది.

"నడక దాదాపు లేదండీ. కానీ సాయంత్రాలు ఈ ఇతరములు అని ఉన్నాయే, ఇవి బాగున్నాయి. గుండె వేగం నూట నలభై దాటుతోంది. ఏం చేస్తున్నారు?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇంట్లోనే సార్. అట్ల చేతులు ఆడిస్తాంటా."

"మంచిది. దీన్ని వారానికి ఐదు రోజులు చెయ్యండి" అన్నాడు డాక్టరు.

అమ్మాయి నా వైపు తిరిగింది. కాపాడమని అడుగుతున్న చూపు కాదు. అమ్మ ఏం చేస్తుందో చూసి నేర్చుకుందామన్న చూపు. నేను నోరు మూసుకుంటే అది రేపు తన మొగుడి పక్కన ఇలాగే ఒక కుర్చీలో నోరు మూసుకుని కూర్చుంటుంది. నాకు ఆ కుర్చీ కనబడింది.

"నన్ను కొడతాడు సార్" అన్నాను. "ఆ ఇతరములు నేనే."

పక్కన నర్సు కాగితాలు సర్దడం ఆపింది. డాక్టరు ఫోను వైపు చూస్తూ, "అయితే ఆ కేలరీలు కలపకూడదండీ" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పిచ్చిదానిలాగా నవ్వాను. డాక్టరు మాత్రలు మార్చి రాశాడు.

ఇంటికి పోయాక మా ఆయన చెప్పులు విడిచాడు, చొక్కా తగిలించాడు, తర్వాత కుడిచేతి పట్టీ కొక్కెం విప్పాడు. టిక్కుమని చిన్న చప్పుడైంది. పట్టీని జాగ్రత్తగా టీవీ పక్కన ఫోను దగ్గర పెట్టాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"డాక్టరుకు చెప్తావా? పో, ఇప్పుడు చెప్పుకో. యాడ కనపడతాదో చూస్తా."

అలాంటి దెబ్బలు అంతకుముందు ఎప్పుడూ తినలేదు. బెల్టుతో కొట్టాడు, బెల్టు చాలక తలుపు గడియకు నా వీపు వేసి కొట్టాడు. నలభై దాటాక లెక్క తప్పింది. ఎడమ చెవిలోంచి ఏదో వెచ్చగా కారింది. ఆ చెవి ఈ రోజుకూ సగమే పనిచేస్తుంది. అంతా అయ్యాక టీవీ పక్కనున్న ఫోను చూశాను. అంకె పదహారు వందల దగ్గరే ఉంది. ఆ సాయంత్రం ఆ మనిషి కదలనే లేదని ఫోను చెబుతోంది. ఆ రాత్రి నేను వడ్డించలేదు. అత్త వడ్డించింది.

అప్పటి నుంచి అదే పద్ధతి. ముందు పట్టీ తీసేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి, డాక్టరు చెప్పిన ఒక్క మాట మాత్రం తుచ తప్పక పాటించాడు, ఆ కేలరీలు కలపలేదు. టిక్కుమనగానే గదిలో అమ్మాయి పుస్తకం మూసే చప్పుడు వినబడేది. నాకంటే ముందు తనే వినేది. ఇద్దరం ఆ చప్పుడుకు అలవాటు పడుతున్నామని తెలిసి కూడా నేను రోజులు నెట్టాను. నెల జీతం తెచ్చుకునే ఆడదాన్ని, వందమంది పిల్లలను ఒక్క చూపుతో కూర్చోబెట్టేదాన్ని, ఇంట్లో మాత్రం టిక్కుకు ఎదురుచూస్తూ ఉల్లిపాయలు తరిగాను.

ఒక సాయంత్రం పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. టిక్కుమంది. ఆయన వంటింట్లోకి వచ్చేసరికి మా అమ్మాయి మా ఇద్దరి మధ్య నిలబడి ఉంది.

"వద్దు నాయినా" అంది. అంతే. గట్టిగా కూడా అనలేదు.

"పక్కకు పో మే" అన్నాడు. పోలేదు. పెడచేత్తో ఒకటి ఇచ్చాడు. దాని పెదవి పంటికి తగిలి చీలింది. రక్తం గడ్డం మీదుగా స్కూలు చొక్కా మీద పడింది. అది అరవలేదు. పన్నేమైనా ఊడిందేమోనని నాలుకతో తడుముకుంది.

నేను శాంతమూర్తిని కాను. స్కూల్లో స్కేలు విరిగేదాకా కొట్టిన రోజులున్నాయి. తప్పు లెక్క చేసిందని ఈ అమ్మాయినే వీపు మీద చరిచాను. అందుకే నా చేతికి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. సంగటి కెలికే కట్టె గిన్నెలోంచి లాగి కొట్టాను. మొదటిది మోచేతి మీద. ఎముక శబ్దం వినబడింది. రెండోది భుజం మీద. కట్టెకున్న ఉడుకు సంగటి మెడకు అంటుకుని ఆయన కేక పెట్టాడు. మూడోది మోకాలికి. నాలుగోదానికి కింద కూర్చుని రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు, సరిగ్గా నేను పెట్టుకునేటట్టు. నాకు సుఖంగా ఉంది. అబద్ధం ఎందుకు, అంత సుఖం నాకు ఆ ఇంట్లో ఎప్పుడూ దొరకలేదు. ఐదోది తల మీదికే లేపాను. దాన్ని ఆపింది నేను కాదు, అత్త. నా చేతికి వేలాడి ఆపింది.

"పిల్లను తీసుకోని పో" అంది. "ఈడుంటే ఎవురో ఒకరు సస్తారు. పో మే."

పొద్దున్నే తమ్ముడికి ఫోను చేశాను. పులివెందుల నుంచి ఇద్దరు మనుషులతో వచ్చాడు. వీధిలోనే నిలబడి, నా ముఖం చూసి, మేనకోడలి పెదవి చూసి, ఒకే ప్రశ్న వేశాడు.

"చెయ్యా, కాలా?"

"ఏదీ వద్దురా" అన్నాను.

"మల్ల ఎందుకు పిలిస్తివక్కా?"

"సామాన్లు మొయ్యనీకి."

వాడికి అవమానమైంది. కారంపొడి డబ్బాలూ పరుపులూ మొయ్యడానికి నలభై మైళ్ళు వచ్చినందుకు దారంతా నాతో మాట్లాడలేదు. కానీ మోశాడు. మా ఆయన చేతికి కట్టు కట్టుకుని లోపలి గదిలో కూర్చుని ఉన్నాడు. తమ్ముడు ఆ తలుపు ముందు నుంచి నాలుగైదుసార్లు అటూ ఇటూ నడిచాడు, పరుపు నెత్తిన పెట్టుకుని.

జమ్మలమడుగులో స్కూలుకు దగ్గరగా రెండు గదులు తీసుకున్నాము. మూడో నెలలో మా ఆయన స్కూలు గేటు దగ్గరికి వచ్చాడు. చెయ్యి అందినన్నాళ్ళూ జుట్టు, అందకపోయేసరికి కాళ్ళు. "శానా తప్పు చేసినా. నువ్వు లేకుంటే తూకం వేసేవాళ్ళు లేరు. షుగరు మూడొందలు దాటింది" అన్నాడు. చేతికి పట్టీ ఉంది. ఫ్రిజ్జు మీద పట్టిక ఉంది, చూసుకోమన్నాను. బెల్లు కొట్టారు, తరగతికి పోయాను.

ఇంతటితో రాయడం ఆపితే నేను గెలిచినట్టే ఉంటుంది. ఆపలేను.

మొన్న శనివారం సాయంత్రం మా అమ్మాయి పదో తరగతి లెక్కల పేపరు తెచ్చింది. నూటికి ముప్పై ఎనిమిది. లెక్కల టీచరు కూతురు. మొదటి రెండు ప్రశ్నలు ముట్టుకోలేదు కూడా. పేపరు తిప్పి చూస్తుంటే నాకు చెవుల్లో వేడెక్కింది. పొయ్యి మీద సంగటికి నీళ్ళు మరుగుతున్నాయి, పిండి పోశాను, ఇక కెలకాలి. ఆవిరి కొడుతుందని చేతి వాచీ విప్పాను. కొక్కెం టిక్కుమంది.

తల తిప్పేసరికి అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అంతసేపూ నా పక్కనే ఉన్న పిల్ల. ఒక చేత్తో నోరు మూసుకుంది, పెదవి మీద ఆ పాత మచ్చ ఉన్నచోట.

"నేను కొడతాననుకుంటివా?" అన్నాను.

"నువ్వు కొట్టవులే మా. తెలుసు" అంది. "కాళ్ళే వెనక్కి పోయినాయి."

నా చేతిలో కట్టె ఉంది. రెండో చేతిలో వాచీ. ఆవిరి కోసమే తీశానని తనకు చెప్పాలనుకున్నాను. ఆవిరి కొట్టే పొయ్యి ముందు ఇన్నేళ్ళుగా నిలబడుతున్నాను, అంతకుముందు ఒక్కరోజు కూడా వాచీ తీసి కెలికిన గుర్తు లేదు. ఎంత తలచుకున్నా రాలేదు. వాచీ మళ్ళీ పెట్టుకుని కెలికాను. సంగటి ఉడికేదాకా మా అమ్మాయి ఆ గోడ దగ్గరే నిలబడింది.